గడ్డి దుడ్డె పాట

ఉప్పలమ్మ పొద్దున లేవగానే కొట్టంలోకి పోయేది. పెండ తీసి తట్టకెత్తి, బర్రెకు కుడితి పెట్టి, పాలు పిండి, అందులో ముప్పాతిక గడికి పంపేది. గడి అంటే దొర ఇల్లు. పాలు పంపితే ఎవరూ ఏమీ ఇవ్వరు, పంపకపోతే మాత్రం మనిషి వస్తాడు. బచ్చన్నపేటకు ఆవల ఉన్న ఎర్రకుంటపల్లెలో అప్పట్లో అందరి పొద్దూ ఇంచుమించు ఇలాగే మొదలయ్యేది. పనిలో పనిగా ఉప్పలమ్మ పాటలు కట్టేది. ఊళ్లో చాలామంది కట్టేవాళ్లు. ఆమె పాటలు కాస్త తొందరగా పోయేవి, అంతే.

పోవడం అంటే ఏమిటో చెప్పాలి. ఆ ఊళ్లో ఎవరైనా కొత్త పాట కడితే అది కట్టినచోటే ఉండిపోయేది. బావి దగ్గర కడితే బావి దగ్గర, కల్లంలో కడితే కల్లంలో. కట్టిన మనిషి ఇంటికి వెళ్లి అన్నం తింటున్నా, ఆ పాట అక్కడే ఆ మనిషి గొంతుతో దానంతట అది పాడుకుంటూ ఉండేది. ఇంకెవరికైనా మనసుకు పట్టిందా, వాళ్ల వెంట వెళ్లిపోయేది, ఆ చోటు మళ్లీ మామూలైపోయేది. బట్టీ కొడితే రాదు. మర్యాదకు బాగుందంటే అసలే రాదు. పట్టినవాళ్లు మొట్టమొదటిసారి పాడినప్పుడు కట్టినవాళ్ల గొంతే వచ్చేది, రెండోసారి నుంచి వాళ్ల సొంత గొంతు. బుగ్గమీసాల ముత్యం ఒకసారి నాట్ల దగ్గర నుంచి ఉప్పలమ్మ పాట వెంటబెట్టుకొచ్చి తాటివనంలో కల్లు తాగుతూ అచ్చం ఆమె గొంతుతో పాడాడు. ఎవరూ నవ్వలేదు. ఎండు చేపలు ఇటు జరపమన్నారు.

ఎవరికీ పట్టనివి అలాగే ఉండిపోయేవి. కుంటకట్ట మీద ఉప్పలమ్మ పక్కింటి యాదమ్మ వాళ్ల అత్త కట్టిన గుమ్మడికాయ పాట ఆ ముసలామె పోయాక కూడా మిగిలిపోయింది. అది మంచి పాటో కాదో ఇప్పుడు చెప్పడం కష్టం, ఎవరికీ పట్టలేదన్నది మాత్రం నిజం. కట్ట మీద ముచ్చట్లు చెప్పుకుంటూ పోయేవాళ్లు ఆ చోటుకు రాగానే గొంతు పెంచి మాట్లాడి, దాటాక తగ్గించేవాళ్లు.

ఆ ఏడు ఎండాకాలం మొదట్లో ఉప్పలమ్మ బర్రె ఈనింది. దుడ్డె పుట్టిన పూటే పోయింది. దుడ్డె లేనిదే బర్రె చేపదు, బర్రె చేపకపోతే పాలు రావు, పాలు రాకపోతే గడి ఊరుకోదు. ఆమె పెనిమిటి మొండయ్య దుడ్డె తోలు ఒలిపించి, లోపల గడ్డి కూరి కుట్టించి తెచ్చాడు. ఉప్పలమ్మ దానికి కండ్లున్న చోట రెండు గురిగింజలు కుట్టింది. గడ్డి దుడ్డెను ముందు నిలబెడితే బర్రె దాని నొసలు నాకుతూ చేపుకొచ్చింది. పాలు పిండుతూ ఉప్పలమ్మ పాట కట్టింది.

పుట్టింది ఒక పొద్దు, పోయింది ఒక పొద్దు
పొదుగుకు ఏం జెప్పుదు నా అవ్వ బర్రె
గడ్డని నాకెరుకె, గడ్డని నీకెరుకె
అయిన నాకుతవేమె నా అవ్వ బర్రె

తోలేమొ దానిదే, తోకేమొ దానిదే
కండ్లల్ల గురిగింజ నేను గుట్టితినే
గడ్డని నాకెరుకె, గడ్డని నీకెరుకె
అయిన నాకుతవేమె నా అవ్వ బర్రె

ఆ తర్వాత ఇంకో చరణం ఉంది. పెండ తీసి వస్త, కుడితి వెట్టి వస్త, సాన్పి జల్లి వస్త, సల్ల జేసి వస్త, అందాక నిలవడు నా అవ్వ బర్రె అని, చేసే పనులన్నీ ఒక్కొక్కటిగా, తొందర లేకుండా.

పక్కింటి యాదమ్మ నిప్పు కోసం పెంకు పట్టుకుని వచ్చి, కొట్టం ముందు నిలబడి విన్నది. మర్నాడు పొయ్యిలో నిప్పు ఉండి కూడా వచ్చింది.

“నాకు పట్టేటట్టున్నదక్కా, రేపో ఎల్లుండో,” అంది.

“పట్టనియ్యి. కొట్టం ఖాళీ అయితది,” అంది ఉప్పలమ్మ. లోపల సంతోషపడింది.

యాదమ్మకు అది పట్టేలోపు వెంకట్రాం వచ్చాడు.

అప్పటికి చుట్టుపక్కల ఊళ్లలో సంఘం లేచి ఉంది. దళాలు తిరుగుతున్నాయి, కొన్ని ఊళ్లలో వెట్టి ఆగింది, గడీల తలుపులు తెరుచుకుని ధాన్యం బయటికొచ్చింది. ఎర్రకుంటపల్లెలో ఇంకా అంతదాకా రాలేదు, వస్తుందని అందరికీ తెలుసు. దళం నాయకుడు లింగయ్య ఊరివాళ్లకు ఎరిగున్నవాడే. అతని వెంట వచ్చిన వెంకట్రామే కొత్త. సన్నటి మనిషి, కండ్లద్దాలు. పాటలకు తీర్పు చెప్పడమే అతని పని. అంతకుముందు మద్రాసులో ఒక పత్రికలో పుస్తకాల మీద విమర్శలు రాసి జీతం తీసుకునేవాడు. ఇప్పుడు పల్లెల్లో పాటలు విని, పోరాటానికి పనికొచ్చేవి ఏరి బెజవాడకు పంపితే అక్కడ పుస్తకం అచ్చేస్తారు. ఊళ్లోవాళ్లు అతనికి అప్పుడే పాటల అమీను, పాటల పోలీసన్నమాట, అని పేరు పెట్టారు, ఎదురుగా అనలేదు.

అతను పని అంటే పనిలా చేసేవాడు. పాట ఉన్న ప్రతి చోటికీ వెళ్లి కూర్చుని విన్నాడు. గుమ్మడికాయ పాట కూడా మొత్తం విన్నాడు, ఊళ్లో ఆ ఓపిక ఎవరికీ లేదు. ఉప్పలమ్మ కొట్టంలో నేల మీద కూర్చుని, కండ్లు మూసుకుని, బర్రె పాటను రెండుసార్లు విన్నాడు. బయట ఆడవాళ్లు గుమిగూడారు. యాదమ్మ అందరికన్నా ముందు ఉంది.

“ఎవరు కట్టారు?” అన్నాడు.

“నేనే అయ్యా.”

“తప్పుగా అనుకోకమ్మా, ఉన్నమాట చెప్తాను. ఈ పాలు ఎక్కడికి పోతున్నాయి?”

“గడికి.”

“ఆ మాట పాటలో ఎక్కడా లేదు. అసలు బాధ అక్కడుంది కదా.”

“కట్టంగ గడి యాదికి రాలేదయ్యా. బర్రె మొకమే కనవడ్డది.”

“సరే. ఇంకోటి. అది గడ్డి అని పశువుకు తెలిసి కూడా నాకుతుందంటున్నావు. తెలిస్తే నాకదు. నాకుతోందంటే తెలియదన్నట్టే.”

“దానికి ఎరుకే.”

“నీకెలా తెలుసు?”

“పొద్దుమాపు దాని పక్కకే కూసుంట గద.”

“పోనీ. ఆ ఆఖరి చరణం చూడు. పెండ, కుడితి, సాన్పి, సల్ల. అందులో ఏమీ జరగదు. తీసేసినా పాటకు లోటు రాదు.”

ఉప్పలమ్మ ఆలోచించింది. “గది నిజమే కావచ్చు. గా తావుల నాక్కూడ జర అనుమానమే.”

“ఇది పాట కాదమ్మా,” అన్నాడతను మెత్తగా. “ఒక మనిషి తన బర్రెతో చెప్పుకున్న మాటలు. అంతే.”

కోపంగా అని ఉంటే ఎవరో ఒకరు ఎదురు మాట్లాడేవాళ్లు. మెత్తగా అన్నాడు కాబట్టి మాట దిగబడింది. అదీగాక, పక్క ఊళ్లో వెట్టి ఆపించిన దళంతో వచ్చిన మనిషి. దొర విషయంలో అన్నీ సరిగ్గా చెప్పినవాళ్లు బర్రె విషయంలో తప్పెందుకు చెప్తారని ఊరు అనుకుంది. యాదమ్మ అప్పటికే పెదవుల మీదికి వచ్చిన పాటను మింగేసింది. మర్నాటి నుంచి నిప్పు కోసం ఇంకో ఇంటికి పోయింది.

“ఏమే, నా పొయ్యిల నిప్పు సల్లవడ్డదా?” అని ఉప్పలమ్మ బావి దగ్గర అడిగింది.

“గట్ల కాదక్కా. సదువుకున్నాయనె పాట గాదన్నంక, నాకు పట్టిందంటే నేనేం మనిషినని నవ్వుతరు.”

ఉప్పలమ్మ నీళ్లకుండ ఎత్తుకుని వచ్చేసింది. ఆమెకు చాలా కష్టమనిపించింది. పాట బాగాలేదన్నందుకు కాదు, అది అక్కడే ఉండిపోయినందుకు. వేరేచోట్ల పాట కుదరకపోతే మరిచిపోవచ్చు. ఎర్రకుంటపల్లెలో ఆ వీలు లేదు. వంట చేస్తున్నా, పడుకున్నా, ఎవరూ కోరని ఆ పాట కొట్టంలోంచి తన గొంతుతోనే వినబడేది. వారం తిరక్కుండా ఇంటి ముందు నుంచి పోయేవాళ్లు గొంతు పెంచి మాట్లాడటం మొదలుపెట్టారు. అది విన్న రోజు ఆమె అన్నం తినలేదు. పాటలు కట్టడం మానేసింది.

“నాకైతే మంచిగనే ఉన్నది,” అన్నాడు మొండయ్య.

“మరి నీకెందుకు పట్టలే?”

“నాకు ఏ పాట వట్టింది గనుక. మా అవ్వ జోలపాటలే వట్టలే.”

అది నిజం. మొండయ్యకు ఏ పాటైనా ఒక చెవిలోంచి వచ్చి రెండో చెవిలోంచి పోయేది. వడ్లు, వాన, చుట్ట, ఇవే నిలిచేవి.

ఎండలు ముదిరాక రజాకార్లు ఊరి మీద పడ్డారు. ముందే తెలిసి జనం తాటివనంలోకి, బోడు గుట్టల వెనక్కి వెళ్లిపోయారు. ఖాళీ ఊళ్లో ఒక్క కొట్టంలోంచే ఆడగొంతు వినబడితే అటు ఉరికారు. లోపల బర్రె ఉంది, ఎర్ర కండ్ల గడ్డి దూడ ఉంది, పాట ఉంది. పాడే మనిషి లేదు. గడ్డి తిరగేశారు, నీళ్ల గాబులో తొంగి చూశారు. పాట ఆగలేదు, మొదటికి వచ్చి మళ్లీ ఎత్తుకుంది. పోయినదానికన్నా వేగంగా బయటికొచ్చారు. వాళ్లు పరాయి ఊరివాళ్లు, వాళ్ల ఊళ్లలో పాటలు ఉండిపోవు. ఆ తర్వాత ఊళ్లోకి ఎన్నిసార్లు వచ్చినా ఆ కొట్టం జోలికి పోలేదు. ఆ దారిన పోవలసివస్తే చేత్తో తాయెత్తు పట్టుకుని పోయేవాళ్లు.

ఈ సంగతి లింగయ్యకు తెలిసింది. అందుకే ఒకరోజు తెల్లవారుతూనే వెంకట్రాంను భుజాల మీద వేసుకుని నేరుగా ఉప్పలమ్మ ఇంటికే తెచ్చాడు. బండల మీద జారి కాలు వాచింది, పైగా చలిజ్వరం. నిలబెడితే కూలబడుతున్నాడు.

“అక్కా, గీయిన్ని జర నీ కొట్టంల దాచు. కాలు కుదిరినంక తోల్కపోత.”

“ఊర్ల ఇంక కొట్టాలు లేవా?”

“ఉన్నయి. గని పాటున్న కొట్టం గిదొక్కటే. పాట ఇనవడ్డంత సేపు రజాకార్లు లోపట అడుగు వెట్టరు.”

ఉప్పలమ్మ వెంకట్రాం మొహం చూసింది. కండ్లద్దాల్లో ఒకటి పగిలింది. జ్వరంతో పెదవులు ఎండిపోయాయి. గడ్డివాము వెనక చోటు చేసి పడుకోబెట్టింది, గోనె కప్పింది. కప్పి, ఎదురుగా కూర్చుంది.

“అయ్యా, ఒక్క ముచ్చట చెప్త, జర మనసుల వెట్టుకో. పాట నీకు పట్టొద్దు. పట్టిందంటే కొట్టంల సప్పుడు వోతది. సప్పుడు వోతే వాండ్లు లోపటికొస్తరు.”

వెంకట్రాం అంత జ్వరంలోనూ చిన్నగా నవ్వాడు. “ఆ భయం లేదమ్మా.”

“గంతే మరి. నీకన్న పట్టని మనిషి నాకు దొరకడు,” అంది ఉప్పలమ్మ.

మొదట్లో నిజంగానే ఏ భయమూ లేదు. మగతలో అతనికి పాట గోడలాగా, చూరులాగా ఉన్నదేదో ఉన్నట్టే ఉండేది. జ్వరం తగ్గాకే చిక్కు వచ్చింది. కొట్టంలో చూడటానికి బర్రె, గడ్డి దుడ్డె తప్ప ఏమీ లేవు, వినడానికి పాట తప్ప ఏమీ లేదు. పాట మెల్లగా దగ్గరికి జరుగుతున్నట్టు అనిపిస్తే అతను తను చెప్పిన లోపాలు ఒక్కొక్కటీ తలుచుకునేవాడు. గడి మాట లేదు. పశువుకు తెలియదు. ఆఖరి చరణంలో ఏమీ జరగదు. తలుచుకోగానే పాట మళ్లీ వెనక్కి పోయి దూరంగా నిలబడేది. ఇన్నేళ్లు జీతం కోసం చేసిన పని ఇప్పుడు ప్రాణం కోసం చేయవలసి వచ్చిందని అతనికి నవ్వొచ్చింది. బాగా చేయగలననే ధీమా కూడా ఉంది.

ఉప్పలమ్మ జొన్న గట్కలో సల్ల కలిపి తెచ్చేది. తినేదాకా కూర్చునేది.

“కొత్త పాటలేమైనా కట్టావా?” అని అడిగాడు ఒకరోజు. ఏదో ఒకటి మాట్లాడాలని అడిగాడు.

“బంద్ వెట్టిన.”

“ఎందుకు?”

ఆమె అతని వంక చూసింది. “తావు లేదయ్యా. ఒకటి కూసోని ఉన్నది గద.”

వెంకట్రాం గట్కలోకి చూశాడు. ఆ రోజే మొదటిసారి, తను పోయిన ఊళ్లన్నిటిలోనూ తన మాట విని ఇలా పాట మానేసినవాళ్లు ఎందరో అనుకున్నాడు. అనుకుని, అలా ఆలోచిస్తే ప్రమాదమని గుర్తొచ్చి మానుకున్నాడు.

“ఏ ఊరు మీది?” అంది ఆమె.

“రఘునాథపల్లి.”

“మా దిక్కోనివేనా? మాట గట్ల లేదు గద.”

“మద్రాసులో చదివాను. అక్కడ మన మాట మాట్లాడితే నవ్వేవాళ్లు. మార్చుకున్నాను.”

“అవ్వ ఉన్నదా?”

“లేదు. పోయింది.”

“ఇంట్ల ఏమని పిలిచేది నిన్ను?”

“ఉపేందర్ అని. అది నా పేరు కాదు, మా అన్నది. నేను పుట్టకముందే పోయాడు. అమ్మ నాకు వాడి చొక్కాలే తొడిగేది, వాడి పేరుతోనే పిలిచేది. నేను మీసాలొచ్చి ఎదురుగా నిలబడ్డా అంతే. కొడుకు పోయిన బాధలో మతి చెడిందనుకునేవాణ్ణి.”

“ఆమెకు ఎరుక లేదంటవా?”

“ఏమిటి?”

ఉప్పలమ్మ గడ్డి దుడ్డె వైపు చూసింది, మళ్లీ అతని వైపు చూసింది. ఏమి చెప్పబోయిందో గాని చెప్పలేదు. పాట సంగతి గుర్తొచ్చి భయపడింది.

“ఏం లేదు. తిను, సల్లారుతది,” అని లేచి పోయింది.

ఆ తర్వాత అతని రెండో లోపం సరిగ్గా పని చేయలేదు. పశువుకు తెలియదు అనుకునేవాడు, అనుకోగానే ఏదో అడ్డం వచ్చేది. అందుకని దాన్ని వదిలేసి మూడోదాన్ని గట్టిగా పట్టుకున్నాడు. ఆఖరి చరణంలో ఏమీ జరగదు. ఏమీ జరగదు. ఇంక రేపో ఎల్లుండో లింగయ్య వస్తాడు, అందాకా ఈ పాట పట్టకుండా ఉంటే చాలు.

రజాకార్లు మిట్టమధ్యాహ్నం వచ్చారు. ఉప్పలమ్మా మొండయ్యా చేనులో ఉన్నారు. ఈసారి వచ్చింది మనుషుల కోసం కాదు, గుర్రాలకు గడ్డి కోసం. ఆ ఎండల్లో ఊరు మొత్తం మీద వాము మిగిలింది ఉప్పలమ్మ కొట్టంలోనే. వాకిట్లో గుర్రాల గిట్టల చప్పుడు, మనుషుల మాటలు వెంకట్రాంకు స్పష్టంగా వినబడ్డాయి.

“వద్దు సాబ్. లోపట దయ్యమున్నది. ఇంటున్నరు గద.”

“దయ్యం గడ్డి తింటదా?” అన్నాడు వాళ్ల జమేదారు. కొత్తగా వచ్చినవాడు. అయినా అతనూ అడుగు ముందుకు వేయలేదు. “సరే, ఆగు. అలసిపోయినంక ఊకుంటదేమో చూద్దాం.”

వాళ్లు వేప నీడన కూర్చున్నారు. వెంకట్రాం గోనె మీదికి లాక్కుని కదలకుండా పడుకున్నాడు. గడ్డిపోచల సందుల్లోంచి బర్రె కనబడుతోంది. అది మెడ చాచి గడ్డి దుడ్డె నొసలు నాకుతోంది. నాకి నాకి అక్కడ వెంట్రుకలు పోయి తోలు నున్నబడింది. ఒక గురిగింజ ఊడి దారానికి వేలాడుతోంది. అక్కణ్నుంచి గడ్డి బయటికొచ్చింది. బర్రె ఆ గడ్డిని కూడా నాకింది, తినలేదు. ఆకలితో ఉన్న పశువు గడ్డిని తినకుండా నాకడం అతను చూశాడు.

గడ్డని నాకెరుకె, గడ్డని నీకెరుకె, అంది పాట.

అమ్మ అతని తలకు నూనె రాస్తూ ఉపేందరూ అని పిలిచేది. పిలిచాక ఒక్క క్షణం ఆగేది. ఆ ఆగడం అతనికి చిన్నప్పటి నుంచీ తెలుసు, ఎందుకో మాత్రం ఎన్నడూ ఆలోచించలేదు. ఇప్పుడు తెలిసింది. ఆమెకు మతి చెడలేదు. ఇతను వాడు కాదని ఆమెకు ప్రతిసారీ తెలుసు. తెలిసే పిలిచింది, తెలిసే అన్నం పెట్టింది, తెలిసే పెంచింది. అతనికి ఏడుపొచ్చింది. అప్పుడే పాట వచ్చి అతనికి పట్టింది.

కొట్టం నిశ్శబ్దమైపోయింది.

“ఊకున్నది సాబ్,” అన్నారు బయట.

“చెప్పలేదా. పాండ్రి లోపటికి.”

గిట్టల చప్పుడు కాదు, ఈసారి చెప్పుల చప్పుడు. గడప దాటిన మనిషి నీడ గడ్డి మీద పడింది. వెంకట్రాం నోరు తెరిచి పాట ఎత్తుకున్నాడు.

ఉప్పలమ్మ గొంతే వచ్చింది. గడ్డి లోపలి నుంచి, ఆ మనిషి మోకాలికి మూరెడు దూరంలోంచి వచ్చింది. నీడ ఒక్కసారిగా వెనక్కి పోయింది. ఎవరో ఏదో దువా చదవడం మొదలుపెట్టారు. జమేదారు తిట్టాడు గాని మళ్లీ పొమ్మనలేదు, వాకిట్లోనే నిలబడ్డాడు. అతను నిలబడి ఉన్నంతవరకు పాట సాగాలి. ఈ గొంతు ఒక్కసారికే అని వెంకట్రాంకు తెలుసు. పాట అయిపోయి మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంటే వచ్చేది మీసాలున్న మగవాడి గొంతు. కాబట్టి ఆడవాళ్లు పాడినట్టు ఒక్కో చరణాన్నీ రెండేసిసార్లు పాడాడు. మద్రాసులో మార్చుకున్న మాటలు ఒక్కటీ పాటలోకి రానివ్వలేదు. పుట్టింది ఒక పొద్దు అయిపోయింది. తోలేమొ దానిదే కూడా అయిపోయింది. జమేదారు ఇంకా వాకిట్లోనే ఉన్నాడు.

ఇంక మిగిలింది తను తీసెయ్యమన్న చరణమే. పెండ తీసి వస్త అని పాడాడు. తట్టకెత్తినంత సేపు పాడాడు. కుడితి వెట్టి వస్త. బయట ఎవరో గుర్రం ఎక్కారు. సాన్పి జల్లి వస్త. వాకిలి ఎంత పెద్దదో అంతా చల్లినట్టు సాగదీశాడు. జమేదారు ఉమ్మి, ఇంకో ఊళ్లో చూద్దాం పదండి అన్నాడు. సల్ల జేసి వస్త అనేటప్పటికి గిట్టల చప్పుడు కుంటకట్ట ఎక్కింది. అందాక నిలవడు నా అవ్వ బర్రె, అనేటప్పటికి అదీ లేదు. ఆ చరణంలో ఏమీ జరగలేదు. ఆ పూట అతనికి కావలసింది అదే.

పాట అయిపోగానే వెంకట్రాం నోరు రెండు చేతులతో మూసుకున్నాడు.

చేను నుంచి వస్తూ ఉప్పలమ్మ వాకిట్లో గిట్టల గుర్తులు చూసింది. కొట్టంలోంచి చప్పుడు లేదు. నెత్తి మీది గడ్డిమోపు జారి పడింది. తన పాట ఆ మనిషిని చంపిందనుకుంది. గడప దగ్గరే నిలబడిపోయింది.

లోపల వెంకట్రాం బర్రె పక్కన కూర్చుని ఉన్నాడు. జుట్టు నిండా గడ్డిపోచలు. ఊడిన గురిగింజను దారంతో మళ్లీ కుట్టడానికి చూస్తున్నాడు, చేతకావడం లేదు.

ఉప్పలమ్మ వచ్చి దుడ్డెను అతని చేతుల్లోంచి తీసుకుంది.

“పాటేది?” అంది.

“నాతాన ఉన్నది,” అన్నాడు.

ఆమె తల వంచుకుని గురిగింజ కుట్టింది. దారం పళ్లతో కొరికింది. “బర్రెకు ఎరుకేనా మరి?”

“ఎరుకే.”

“ఆఖరుది? గండ్ల ఏం జరగదంటివి.”

“అది ఉండాలె. దాన్ని తియ్యొద్దు,” అన్నాడు వెంకట్రాం. “గడి మాట మాత్రం ఉంటే బాగుండేదని ఇప్పటికీ అంట.”

“అను. నాకూ గట్లనే అనిపిస్తది ఒక్కోపారి,” అంది ఉప్పలమ్మ. చాలా రోజుల తర్వాత నవ్వింది.

మర్నాడు లింగయ్య వచ్చి అతన్ని తీసుకుపోయాడు. దళం చిట్యాల వైపు అడవుల్లోకి వెళ్లింది. అక్కడ వెంకట్రాం ఆ పాట తన గొంతుతో పాడేవాడు. గొంతు బాగుండేది కాదు, అయినా వాళ్లలో కొందరు మళ్లీ పాడమనేవాళ్లు. పుస్తకం కోసం పాట మొత్తం రాసి, ఇది తప్పకుండా వేయాలని మనవి చేస్తూ బెజవాడకు పంపాడు. ఇందులో పోరాటం లేదు, ఇది పాట కాదు అని జవాబొచ్చింది. తను అన్న మాటే. వెంకట్రాం దానికి కోపగించుకోలేదు, తీర్పులు చెప్పడమూ మానలేదు. అతనికి వచ్చిన పని అదే. కాకపోతే ఆ తర్వాత ఏ ఊళ్లోనూ లోపాలు చెప్పాక ఆ చివరి ముక్క అనలేదు. పుస్తకం అచ్చయింది. అందులో బర్రె లేదు. ఎర్రకుంటపల్లెకు ఆ పుస్తకం రానే లేదు.

అక్కడ మాత్రం వెంకట్రాం వెళ్లిన మర్నాడు పొద్దున ఉప్పలమ్మ ఎప్పటిలాగే కొట్టంలోకి పోయింది. పెండ తీసింది, కుడితి పెట్టింది. గడ్డి దుడ్డెను నిలబెట్టి పొదుగు కింద కూర్చుంది. పాలు చెంబులో పడే చప్పుడు చాలా రోజులకు ఆమెకు స్పష్టంగా వినబడింది. కొట్టం ఖాళీగా ఉంది. కాసేపటికి ఒక మాట వచ్చింది. దాని వెనక ఇంకోటి వచ్చింది. చెంబు నిండేసరికి పల్లవి కుదిరింది.

తల ఎత్తితే గడప దగ్గర యాదమ్మ నిలబడి ఉంది. చేతిలో పెంకు, పెంకులో నిప్పు. నిప్పు అడగడానికి కాదు, ఎక్కణ్నుంచో తీసుకుని ఇంటికి పోతూ ఆగింది.

“గా బర్రె పాట నాకు పట్టవోయిందక్కా ఆ పొద్దే. నేనే నోరు మూసుకున్న,” అంది.

“పోనియ్యే. అది పొయ్యే కాడికి పోయింది.”

“గీ కొత్తది ఇంక కట్టేది ఉన్నదా?”

“రెండు చరణాలు కావాలె.”

“కట్టు. నిలవడ్త.”

“మంచిగున్నదో లేదో ఎవరినన్న అడుగవా?”

“ఎవ్వలిని అడుగ,” అంది యాదమ్మ. గడపకు ఆనుకుని అక్కడే నిలబడింది. పెంకులో నిప్పు బూడిదైంది, ఆమె చూసుకోలేదు.

ఉప్పలమ్మ పాలు గడికి పంపి, వాకిలి ఊడ్చి, పొయ్యి రాజేసింది. కొట్టంలోంచి చప్పుడేమీ రావడం లేదు. జొన్నలు చాటలో పోసుకుని చెరగడం మొదలుపెట్టింది. అంతలో గోడ అవతల యాదమ్మ ఇంట్లోంచి, గిన్నెల చప్పుళ్ల మధ్య, ఆమెకు తన గొంతు వినబడింది.